ఆరు కిలోమీటర్ల నీడ

జూలై 2, బుధవారం

ఈ రోజు ఫ్రాన్సు దేశానికి ఆరు కిలోమీటర్ల నీడ మంజూరు చేశాను.

మంజూరు ఉత్తర్వు యథాతథంగా: "బోన్ పట్టణం నుంచి పొమ్మార్ మీదుగా వోల్నే గ్రామం దాకా, ద్రాక్ష పందిళ్ళ చల్లని నీడలో ఆరు కిలోమీటర్ల కాలినడక. తలెత్తితే గుత్తులు, దించితే మెత్తని మట్టి."

అనిల్‌కుమార్ గారు చదివి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. మా ఆఫీసులో అది పద్మశ్రీతో సమానం. ఈ ద్వీపదేశంలో, సెరంగూన్ పేటలోని ఈ ట్రావెల్ ఆఫీసులో మొత్తం ఇద్దరం. ఆయన యజమాని, నేను తక్కిన సిబ్బంది.

"అబ్బయ్యా నవనీతూ, చదవతా ఉంటే ఆడ నడస్తన్నట్టే ఉండాది. ఆర్నెల్లు ఉండొచ్చినోడి రాత రాతే," అన్నారు.

ఆర్నెల్లు. ఈ సంగతి ఇక్కడ ఒక్కసారి రాసి మూసేస్తాను. డిజోన్‌లో చదువుకోవడానికి నాకు సీటు వచ్చినట్టు ఉత్తరం వచ్చింది. వీసా రాలేదు. రెండేళ్ళ తర్వాత ఈ ఉద్యోగం ఇంటర్వ్యూలో "ఫ్రాన్సులో ఆరు నెలలు" అన్నాను. ఉత్తరం వచ్చింది కనుక అది సగం నిజం. మిగతా సగానికి బాధ్యత వీసాది.

సెప్టెంబరు బడిసెలవుల్లో పదకొండు మంది తెలుగువాళ్ళు బర్గండీ వెళ్తున్నారు. పాత రాతిగోడలు, రంగుపెంకుల ఆసుపత్రి, పల్లెబాటలు. వీళ్ళలో తొమ్మిది మంది మందు ముట్టరు. మిగతా ఇద్దరు భార్యల ముందు ముట్టరు. అందుకని నేను రాస్తున్న ఈ యాత్ర పుస్తకంలో "వైన్" అన్న మాట ఎక్కడా వద్దని, "ద్రాక్షరసం" అని రాయమని సారు ఆజ్ఞ. ద్రాక్షరసం అంటే జ్యూసు, ద్రాక్షారసం అంటే అసలు సరుకు. మధ్యలో ఒక్క దీర్ఘం. అచ్చులో ఆ దీర్ఘం పడిందో లేదో ఎవరి కళ్ళతో వాళ్ళు చూసుకుంటారు.

వాళ్ళ వెంట దారి చూపించడానికి వెళ్ళేది నేనే. అంటే నేను మొదటిసారి, క్షమించాలి, రెండోసారి ఫ్రాన్సు వెళ్తున్నాను.

జూలై 5, శనివారం

పుస్తకం చదివి ఒకావిడ ఫోన్ చేశారు. పేరు అరుంధతి. ఉండేది బుకిట్ పంజాంగ్‌లో, ఒక అపార్ట్‌మెంటు బ్లాకులో. "నాలుగున్నరకు రా బిడ్డా, అప్పటికి మా బ్లాకు నీడ కింది బెంచీల మీద పడ్తది," అన్నారు. ఎవరైనా గంట చూసి రమ్మంటారు, ఈవిడ నీడ చూసి రమ్మన్నారు. నేనుండే యీషున్ నుంచి బస్సెక్కి వెళ్ళాను.

అరవై ఆరేళ్ళ మనిషి. పొడుగు చేతుల జాకెట్టు, మెడ దాకా గుండీలు, చంకలో నల్ల గొడుగు. ముప్ఫై ఏళ్ళు ఆసుపత్రి ల్యాబులో పనిచేసి రిటైరయ్యారు. పక్కన, ప్రయాణంలో తోడు వచ్చే మనవరాలు అనన్య, పదిహేనేళ్ళు, ఫోనులో తల.

"ఈ నీడ సంగతి నిజమేనా?" అని మొదటి మాటే అడిగారు ఆంటీ.

"ఏ నీడండీ?"

"పందిరి నీడ. నువ్వే రాసినవ్ గద."

అప్పుడు చెప్పారు. ఆవిడకు ఎండ పడదు. మాట వరసకు కాదు, నిజంగానే పడదు. పావుగంట ఎండ తగిలితే ఒంటి మీద దద్దుర్లు, జ్వరం, కీళ్ళు పట్టేసి మంచం మీద పది రోజులు. ఒకసారి మూత్రపిండాల దాకా వచ్చిందట. డాక్టరు ఎండను నిషేధించి పదకొండేళ్ళు. ఈ పదకొండేళ్ళలో ఆవిడ తిరిగిందంతా పైకప్పు ఉన్న దారుల్లోనే. ఇంటి నుంచి ఎల్‌ఆర్‌టీ రైలు స్టేషన్ దాకా కప్పు, స్టేషన్ నుంచి మార్కెట్ దాకా కప్పు. కప్పు లేని చోటికి వెళ్ళడం మానేశారు.

"మా నాయినది హైదరాబాదు శివార్ల ద్రాక్షతోట. మొత్తం పందిరి. పొద్దుగాల పోతే పొద్దుమూకి బయటికొస్తుంటిమి, ఎండ మొఖం చూడకపోతుంటిమి. ఫ్రాన్సుల గూడ గట్లనే ఉంటదని నాకు తెల్వదు. టీవీల దగ్గరికెళ్ళి గుత్తులే చూపిస్తరు. నువ్వు రాసినంక తెలిసింది."

"అక్కడ అంతా అంతేనండీ," అన్నాను. ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట.

"పచ్చటి జాగల నడవక పదకొండేండ్లాయె. ఆరు కిలోమీటర్లంటే ఇప్పట్నుంచే కాళ్ళకు అలవాటు చెయ్యాలె. ఆదివారం ఆదివారం నాతోని నడుస్తవా? తోవల ఫ్రాన్సు ముచ్చట్లు చెప్పు."

అనన్య తలెత్తింది. "అంకుల్, అక్కడ నువ్ ఏం తిన్నావ్?"

నాకు ఇరవై ఆరు. అంకుల్ని కాను. "బ్రెడ్డు," అన్నాను గంభీరంగా.

"సిక్స్ మంత్స్ ఓన్లీ బ్రెడ్ ఆ? పావమ్ సియా." ఇక్కడి పిల్లల యాసలో, అయ్యో పాపం అని.

జూలై 9, బుధవారం

పుస్తకం అచ్చయిపోయాక బోన్‌లోని స్థానిక గైడు ఫొటోలు పంపాడు. ఇరవై రెండు.

నాలుగో ఫొటోలో ఒకతను తోటలో మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. ప్రార్థన అనుకున్నాను. భక్తి గల దేశం. తొమ్మిదో దాంట్లో ఒక గుర్రం దున్నుతోంది. తీగలు దాని పొట్ట దాకా కూడా లేవు. చాలా పెద్ద గుర్రమేమో అనుకున్నాను. బర్గండీ గుర్రాల ఎత్తు ఎంతో వెతికాను. మామూలు గుర్రాలంతే ఉంటాయి.

పదిహేనో ఫొటోలో ఒక చిన్నపిల్ల తీగల మధ్య నిలబడి ఉంది. తలా, భుజాలూ స్పష్టంగా పైకి కనబడుతున్నాయి. ఎండ ముఖం మీద పడి కళ్ళు చికిలించింది.

పందిరి లేదు.

అక్కడ పందిళ్ళు ఉండవు. తీగను నేలకు దగ్గరగా, మనిషి నడుము ఎత్తున ఇనుప తీగెలకు కట్టి పెంచుతారు. వరసకూ వరసకూ మధ్య ఆకాశమే.

మరి నేను పైనుంచి తీసిన ఫొటోలు చూసే కదా రాశాను! పైనుంచి ఆకుపచ్చగా, దట్టంగా, గీతలు గీతలుగా. ఎనిమిదో తరగతిలో తెనాలి నుంచి హైదరాబాదు విహారయాత్రకు పోయినప్పుడు చూసిన తోట పైనుంచి చూస్తే అలాగే ఉంటుంది. ద్రాక్షతోట అంటే పందిరి. పందిరి లేకపోతే అది ద్రాక్షతోట ఎట్లా అవుతుంది? వంకాయతోట అవుతుంది.

పుస్తకాలు అందరి ఇళ్ళకూ వెళ్ళిపోయాయి.

రేపు చెబుతాను.

జూలై 10, గురువారం

చెప్పలేదు. వాన.

జూలై 13, ఆదివారం

వాన లేదు. ఆంటీతో నడక. ఆవిడ ఇంటి బ్లాకు నుంచి మార్కెట్ దాకా, మళ్ళీ వెనక్కి, కప్పు కింద. ఒక రౌండు ఏడు వందల మీటర్లు, నాలుగు రౌండ్లు. ఆ దారిలో ఒకచోట కప్పు తెగుతుంది. ఒక కప్పు అయిపోయి రెండోది మొదలయ్యేలోపు పన్నెండు అడుగుల ఎండ. అక్కడ ఆంటీ ఆగి, గొడుగు తెరిచి, పన్నెండు అడుగులు వేసి, గొడుగు మూస్తారు. ఎనిమిది సార్లు దాటాం, ఎనిమిది సార్లూ అంతే. తొందర లేదు, విసుగు లేదు.

తోవలో ముచ్చట్లు నేను చెప్పాలి కదా, చదివినవి చెప్పాను. బర్గండీలో ప్రతి చిన్న తోట చెక్కకూ ఒక పేరుందని, వందల ఏళ్ళ నుంచి అవే పేర్లని, పేరు మారితే రుచి మారినట్టేనని.

"గదేం ముచ్చట, మాకూ ఉండె," అన్నారు. "బాయి కాడి చెక్క, గుట్ట చెక్క, పాము చెక్క. పాము చెక్కల ఎన్నడు పాము లేదు. మా నాయిన మేం గుత్తులు తెంపకుండ ఆ పేరు పెట్టిండు."

"ఇప్పుడేమైంది ఆ తోట?"

"అపార్ట్‌మెంట్లు. గ్రేప్ వ్యాలీ అని బోర్డు పెట్టిన్రంట. వ్యాలీ ఏడికెళ్ళి వచ్చిందో."

చెప్పడానికి రెండుసార్లు నోరు తెరిచాను. మొదటిసారి దాహమా అని మంచినీళ్ళ సీసా ఇచ్చారు. రెండోసారి ఆకలా అని బిస్కెట్ ఇచ్చారు.

జూలై 14, సోమవారం

బిస్కెట్ తిన్న నోటితో చెప్పడం సభ్యత కాదు.

జూలై 18, శుక్రవారం

ప్రత్యామ్నాయాలు పరిశీలించాను. ప్రభుత్వాలు ఇట్లాగే చేస్తాయి.

టోపీ: సరిపోదు. గొడుగు: రెండు గంటలు పట్టుకుని గట్ల మీద నడవాలి, చెయ్యి పడిపోతుంది. మబ్బు: సెప్టెంబరు మొదటివారంలో మబ్బు పట్టే అవకాశం ఎంతో చూశాను, మబ్బుకూ నాకూ ఒప్పందం లేదు.

బోన్ గైడుకు రాశాను: "మీ ప్రాంతంలో ఎక్కడైనా పందిరి మీద పెంచిన ద్రాక్ష ఉందా?" జవాబు వెంటనే వచ్చింది: "ఉంది! మీరు దిగే హోటల్ పెరట్లో. భోజనం బల్ల పైన. పొడవు నాలుగు మీటర్లు."

ఆరు కిలోమీటర్లు అంటే ఆ బల్ల చుట్టూ ఎన్ని ప్రదక్షిణలో లెక్క వేశాను. ఆ లెక్క ఇక్కడ రాయను.

జూలై 20, ఆదివారం

ఐదు రౌండ్లు. ఆంటీ కొత్త బూట్లు కొన్నారు. "మట్టిల నడిచేటందుకు," అన్నారు.

చెప్పలేదు. బూట్లు చాలా బాగున్నాయి.

జూలై 27, ఆదివారం

ఈ రోజు ఆంటీ నాకు పాఠం చెప్పారు. ద్రాక్షతీగకు శీతాకాలం కావాలి, ఆకులు రాల్చి నిద్రపోవాలి. ఫ్రాన్సులో చలి దాన్ని నిద్రపుచ్చుతుంది. మన దగ్గర చలి లేదు కనుక తీగ నిద్రపోదు.

"మరేం చేస్తారు?"

"కోస్తరు. ఏప్రిల్‌ల ఒకసారి, అక్టోబర్‌ల ఒకసారి. కొయ్యకపోతే ఆకులే ఆకులు. చూసెటోళ్ళకు మస్తు పచ్చగ కనిపిస్తది, గుత్తి మాత్రం రాదు. మా నాయిన కత్తెర పట్టుకుంటే మా అమ్మ లోపలికి పోతుండె, చూడలేక." నా వైపు చూశారు. "ఏమైంది, మొఖం గట్ల పెట్టినవ్?"

"ఏం లేదండీ, ఫ్రాన్సు గుర్తొచ్చింది."

అనన్య ఇయర్‌ఫోన్ తీసింది. "హౌ కెన్ యూ మిస్ దట్ ప్లేస్ సో మచ్, అంకుల్? యూ గాట్ ఎనీ ఫోటో ఆర్ నాట్?"

"ఫోను పోయింది."

"క్లౌడ్ లేదా?"

"అప్పట్లో మబ్బు పట్టలేదు."

ఆంటీ నవ్వారు. అనన్య నవ్వలేదు. కాసేపు నన్ను చూసి మళ్ళీ ఇయర్‌ఫోన్ పెట్టుకుంది. ఆ పిల్లకు తెలిసిపోయింది. తెలియలేదు. తెలిసిపోయింది.

ఆగస్టు 3, ఆదివారం

ఏడు రౌండ్లు. దాదాపు ఐదు కిలోమీటర్లు. పన్నెండు అడుగుల ఎండను పద్నాలుగు సార్లు దాటాం.

పేర్లు ఖాయం చేయడానికి ఈ నెల ఇరవై అయిదు ఆఖరు. ఆంటీ డాక్టరును అడిగారట. "పూర్తి నీడ ఉంటే వెళ్ళొచ్చు" అన్నాడట. నా వాక్యాన్ని ఆయనకు ఇంగ్లీషులో చదివి వినిపించారట.

నేను రాసిన వాక్యం డాక్టరు గారి ఫైలులోకి ఎక్కింది.

ఆగస్టు 6, బుధవారం

సారు ఫ్లయిటు వివరాలు ఇచ్చారు. కిటికీ సీటు నాకు. "నీకు పాత దేశమే గదా, అయినా చూసుకో," అన్నారు.

నాకు వెళ్ళాలని ఉంది. ఇది ఎక్కడా రాయలేదు, రాస్తున్నాను. ఉత్తరం వచ్చిన రోజు నుంచి ఉంది. చెబితే ఈ సీటు పోతుంది. చెప్పకపోతే ఆంటీ ఆ ఎండలో దిగుతారు. ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన రాశాక పెన్ను పక్కన పెట్టి చాలాసేపు ఇస్త్రీ చేశాను. ఉన్నవి ఆరు చొక్కాలు. అన్నీ చేశాను.

ఆగస్టు 9, శనివారం

ఈ దేశపు జాతీయ పండగ, సెలవు. ప్రతి బ్లాకు వరండాలకూ ఎర్రా తెల్లా జెండాలు. ఆంటీ రేపటి నడక ఈ రోజే కానిద్దామన్నారు.

రెండో రౌండులో కప్పు తెగిన చోటికి వచ్చాం. ఆంటీ ఆగి గొడుగు తెరవబోయారు.

"ఆంటీ, ఒక్క నిమిషం."

"దాహమా?"

"కాదు. ఫ్రాన్సులో పందిరి లేదు."

ఆవిడ గొడుగు సగం తెరిచి ఉంది.

"హోటల్లో ఒకటుంది, భోజనాల బల్ల మీద. తోటల్లో లేదు. తీగలు నడుము దాకా ఉంటాయి. మిగతాదంతా..." ఎదురుగా ఉన్న ఎండ ముక్క చూపించాను. "మిగతాదంతా ఇదే ఆంటీ. ఈ పన్నెండు అడుగులే, ఆరు కిలోమీటర్ల పొడుగున."

"నువ్వు ఆర్నెల్లు ఉంటివి గద?"

"ఒక్క రోజు కూడా లేను. సీటొచ్చింది, వీసా రాలేదు."

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"జూలై తొమ్మిది."

వేళ్ళ మీద లెక్క పెట్టలేదు, కానీ ఆదివారాలు లెక్క పెట్టారని నాకు అర్థమైంది.

"నెల దినాలు నాతోని నడిచినవ్," అన్నారు. "నా బిస్కెట్ తిన్నవ్."

ఏదైనా జోకు వేయాలనిపించింది. అలవాటు. ఏదీ రాలేదు. వచ్చి ఉంటే వేసేవాణ్ణి, అది ఇంకా సిగ్గుచేటు.

ఆంటీ గొడుగు పూర్తిగా తెరిచి, పన్నెండు అడుగులు వేసి, అవతలి కప్పు కింద మూసుకుని, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయారు. ఎప్పటి నడకే. తొందర లేదు. ఎండలో నిలబడిపోయింది నేను.

ఆగస్టు 11, సోమవారం

సారుకు చెప్పాను. కళ్ళద్దాలు తీశారు. తుడుచుకోలేదు.

"నువ్వు రాసింది నిజమని నేను పదకొండు మందికి నోటితో చెప్పినా అబ్బయ్యా. నా నోరు గదా అది."

"అవును సార్."

"ఒగ పని చెయ్. పదకొండు మందికీ ఫోన్ చేసి నువ్వే చెప్పు. ఆడికి నువ్వు పోవద్దు. నేను పోతా."

ఉద్యోగం ఉంది. ప్రయాణం లేదు. పొమ్మార్ అనే ఊరికి పోవద్దన్నారు. ఈ జోకు నెల నుంచీ దాచుకున్నాను, ఇట్లా ఖర్చవుతుందనుకోలేదు.

మధ్యాహ్నమంతా ఫోన్లు. "నమస్కారమండీ, పుస్తకంలో నీడ ఉందని రాశాను, లేదండీ. నేను ఫ్రాన్సు చూడలేదండీ." ఫోనెత్తిన ప్రతి ఒక్కరూ "ఏ నీడా?" అన్నారు. వాళ్ళలో ఒకాయన ఆ వెంటనే "ద్రాక్షరసంలో దీర్ఘం పడిందా లేదా బాబూ, అది చెప్పు" అన్నారు.

ఆ పుస్తకాన్ని అక్షరం వదలకుండా చదివింది ఒక్క ఆంటీయే. ఆవిడకు మాత్రం ఫోను చేయలేదు. ఆవిడకు ముందే చెప్పాను కదా. చేయడానికి ధైర్యం లేదు.

ఆగస్టు 12, మంగళవారం

డిజోన్ ఉత్తరం తీసి చదివాను. "మిమ్మల్ని స్వాగతిస్తున్నందుకు సంతోషిస్తున్నాము." మంచివాళ్ళు.

ఆగస్టు 17, ఆదివారం

యీషున్‌లోనే ఉన్నాను. నడవలేదు.

అనన్య మెసేజి: "అమ్మమ్మ నీ గురించి ఏమీ తిట్టట్లేదు. వెరీ బ్యాడ్ సైన్. నాకు బ్రెడ్ అన్నప్పుడే డౌట్ లా."

ఆంటీ పేరు వెనక్కి తీసుకున్నారా అని సారును అడిగాను. "లేదు, ఆలోచిస్తా ఉండా అన్నింది," అన్నారు.

ఆగస్టు 22, శుక్రవారం

తక్కిన పుస్తకమంతా మళ్ళీ చదివాను. చర్చి గోపురం ఎత్తు, ఆసుపత్రి పెంకుల రంగులు, రాతిగోడలు ఎవరు కట్టారు, ప్రతి ముక్కా గైడుకు పంపి సరిచూసుకున్నాను. ఇంకో మూడు తప్పులు దొరికాయి. ఒకదాంట్లో నేను నదిని రెండో వైపుకు మళ్ళించాను.

ఆగస్టు 24, ఆదివారం

ఆంటీ ఫోన్. "నాలుగున్నరకు రా. మ్యాపు పట్టుకరా. పెద్దది." నమస్కారం చెప్పేలోపు పెట్టేశారు.

బెంచీ మీద మ్యాపు పరిచాను. పక్కన కూర్చోమనలేదు, నిలబడ్డాను. అనన్య అమ్మమ్మ భుజం మీద గడ్డం పెట్టి చూస్తోంది.

"తోటలు ఏడున్నయ్?"

"ఇదిగోండి, ఈ వాలు మీద. బోన్, పొమ్మార్, వోల్నే."

"వాలు ఎటు దిక్కు చూస్తది?"

"తూర్పుకండీ. పొద్దున్నే ఎండ తగలాలని..."

"అడిగిందే చెప్పు. కొండ నెత్తి ఏడుంది?"

"పడమర. పైన అడవి."

ఆవిడ వేలు పొమ్మార్ మీద పెట్టి, మెల్లగా పైకి, పడమర వైపు, అడవి అంచు దాకా జరిపారు. తర్వాత తలెత్తి మేం ఉన్న బెంచీని, వెనక నిలువుగా లేచిన బ్లాకును, బెంచీ దాటి గడ్డి మీదికి పాకిన దాని నీడను చూశారు.

"గీ బ్లాకు నాకు పడమటి దిక్కున్నది. నాలుగున్నరకు గీడ నీడ. ఎందుకు?"

నేను నోరు తెరిచాను. అనన్య ముందే అంది. "సన్ గోస్ బిహైండ్ ద బ్లాక్."

"మరి ఆడ కొండ పడమట ఉంటే?"

నాకు నెలన్నర పట్టినా తట్టనిది అది. ఇరవై రెండు ఫొటోలు, గుర్రం ఎత్తు, మబ్బుల లెక్క. పదకొండేళ్ళుగా పొద్దు ఏ గోడ వెనక ఎప్పుడు దిగుతుందో చూసుకుని బతికిన మనిషికి మ్యాపు మీద వేలు పెట్టేంతసేపు పట్టింది.

"పొద్దు కొండెనకకు పోయినంక చీకటి పడేదాక ఎంత సేపుంటది అడుగు. పై బాట మీద. నువ్వు అనుకునుడు గాదు, అక్కడున్నోణ్ణి అడుగు."

గైడుకు అక్కడికక్కడే రాశాను. ఆంటీ అనన్యకూ తనకూ బిస్కెట్లు తీశారు. నాకు ఇవ్వలేదు. ఇరవై నిమిషాల్లో జవాబు: సెప్టెంబరు మొదటివారంలో పొమ్మార్‌కూ వోల్నేకూ మధ్య పై బాట మీద ఏడు గంటలకల్లా కొండ నీడ పడుతుంది. ఎనిమిదింబావుకు సూర్యాస్తమయం. బాట మూడు కిలోమీటర్ల లోపే.

"గంటంబావు. మూడు నడుస్త," అన్నారు. "ఆరు లేకపోతే మాయె. డాక్టరుకు రేపు చెప్పి అడుగుత. ఒప్పుకుంటే పోత, లేకుంటే లేదు."

"ఆంటీ, నేను..."

"నీ అబద్ధం నీ కాడనే ఉంచుకో. మ్యాపు నాకియ్యి."

ఇచ్చాను.

ఆగస్టు 25, సోమవారం

డాక్టరు ఒప్పుకున్నాడు. పొడుగు చేతులు, టోపీ, మందులు, కొండ నీడ దిగాకే. ఆంటీ ఫోన్ చేసింది సారుకు, నాకు కాదు. అది సబబే.

కిటికీ సీటు అనన్యకు ఇమ్మని సారుకు చెప్పాను. ఇప్పటికే ఇచ్చేశారట.

సెప్టెంబరు 5, శుక్రవారం

విమానాశ్రయంలో పదకొండు మందికీ పేరు చీటీలు కట్టాను. ఆంటీ బ్యాగుకు కట్టేటప్పుడు ఆవిడ చెయ్యి అడ్డం పెట్టలేదు. నల్ల గొడుగు, కొత్త బూట్లు.

"బ్రెడ్ తెస్తా నీకు," అంది అనన్య. ఈసారి అంకుల్ అనలేదు. లోపలికి వెళ్ళాక అద్దం అవతల నుంచి గట్టిగా అంది, నోటి కదలికను బట్టి "అంకుల్" అనే.

సెప్టెంబరు 8, సోమవారం

ఆఫీసులో ఒక్కణ్ణే. యజమాని, సిబ్బంది, రెండూ నేనే. ఎవరికి ఎవరూ జీతం పెంచలేదు.

ఫ్రాన్సులో ఈ సాయంత్రం ఆంటీ నడక. బోన్‌లో వాతావరణం చూశాను: నిర్మలం. ఒక్క మబ్బు లేదు. ఇంకా నాలుగుసార్లు చూశాను. మారలేదు.

సెప్టెంబరు 9, మంగళవారం

పొద్దున లేచేసరికి అనన్య పంపిన ఫొటో ఒకటి, ఆంటీ గొంతు ఒకటి.

ఫొటోలో ఆంటీ బాట మీద నిలబడి ఉన్నారు. తీగలు నడుము దాకా. దూరంగా కింద మైదానంలో ఇంకా ఎండ పచ్చగా ఉంది. ఈ వాలు మీద లేదు. ఆంటీ కాళ్ళ దగ్గర ఆవిడ నీడ కూడా లేదు. గొడుగు మూసి చంకలో ఉంది.

గొంతు:

"నవనీత్ బిడ్డా. ఏడు గొట్టిన ఒక్క నిమిషానికి మొదలువెట్టి ఎనిమిది పదికి వోల్నే చేరిన. మీ సారు ఎనక పడ్డడు, ఆయనకు మోకాలు నొప్పి. పందిరైతే లేదు. గుత్తి పట్టుకోవాలంటే వంగాలె. చిన్నప్పుడు మా నాయిన ఎత్తుకుంటెనే గుత్తి అందుతుండె, ఇక్కడ నేనే దానికి పందిరి లెక్క నిలబడ్డ. మట్టి మెత్తగ లేదు, సున్నపు రాళ్ళు. గది గూడ తప్పే రాసినవ్, దిద్దు. ఇంకోటి, పై బాటకు ఎక్కేకాడ ఎడమ దిక్కు మలుపు ఉంటది, అక్కడ ఒక రాతిగుడిసె ఉన్నది, పనోళ్ళు తలదాచుకునేటిది. ఎండ దిగేదాక అందుల కూసున్న. గది రాయి. నాలాంటోళ్ళకు పనికొస్తది."

ఇంకేమీ లేదు. క్షమించానని లేదు. రెండోసారి విన్నాను, అప్పుడూ లేదు.

పుస్తకంలో "మెత్తని మట్టి" కొట్టేశాను. "పందిళ్ళ చల్లని నీడ" కొట్టేశాను. కింద రాసుకున్నాను: "పొమ్మార్ నుంచి వోల్నే, పై బాట, మూడు కిలోమీటర్ల లోపు. సున్నపు రాళ్ళు. సాయంత్రం ఏడు తర్వాత కొండ నీడ. ఎడమ మలుపు దగ్గర రాతిగుడిసె, కూర్చోవచ్చు." రాసిందంతా నాలుగు వాక్యాలు. నేను రాసినవాటిలో ఇంత పొట్టివి లేవు.

మధ్యాహ్నం ఒకాయన ఫోన్ చేశారు. పేరు సీతారామారావు. వచ్చే ఏడాది టూరు గురించి. ఆయన భార్యకూ ఎండ పడదట.

"మీరు ఫ్రాన్సు చూశారా బాబూ?"

"లేదండీ."

"మరి నీడ ఎక్కడుంటుందో ఎట్లా తెలుసు?"

"ఒక పెద్దావిడ చూసొస్తున్నారండీ," అన్నాను. "ఆదివారం దిగుతారు. వాళ్ళ బ్లాకు కింద బెంచీ ఉంది, నాలుగున్నరకు నీడ పడుతుంది. మీ ఇద్దరినీ తీసుకెళ్తాను, కానీ నాతో మాట్లాడతారో లేదో చెప్పలేను."